కొత్తవాడకు కావలసింది ఒక రసాయన శాస్త్రవేత్త

వరంగల్‌లోని కొత్తవాడ నేతన్నలు నేసే నూలు తివాచీ, అంటే వరంగల్ దర్రీకి, 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కింది. అప్పటి నుంచి కొత్తవాడ నేత గురించి ఎక్కడ చర్చ జరిగినా సబ్సిడీ, మార్కెటింగ్ అనే రెండు మాటల చుట్టూనే తిరుగుతోంది. గుంట మగ్గంలో కూర్చున్న నేతన్నకు ఆ రెండూ అందాల్సిందే. అయితే దర్రీని ఒక్కసారి తడపగానే ఎరుపు పక్కనున్న తెలుపు గులాబీకి తిరిగిందంటే, కొన్న మనిషి మళ్లీ ఆ దుకాణం గడప తొక్కడు. ఏ గుర్తింపు ముద్రా అతణ్ని వెనక్కి తేలేదు. నేతకూ శాస్త్రానికీ నడుమ నిలబడాల్సిన మనిషి వరంగల్‌లో లేకపోవడమే అసలు లోటు. అలాంటి మనిషి ఎలా తయారవుతాడో చూడాలంటే బెంగాల్ రసాయన శాస్త్రవేత్త ఆచార్య ప్రఫుల్ల చంద్ర రే జీవితాన్ని మన ఊరి అవసరంతో మళ్లీ చదవాలి.

ఎడిన్‌బరోలో 1887లో డాక్టర్ ఆఫ్ సైన్స్ (డీఎస్సీ) పట్టా, 1889లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ఉద్యోగం, ఆపైన మెర్క్యురస్ నైట్రైట్ అనే పాదరస సమ్మేళనం మీద పరిశోధన... ఇదంతా పాఠాల్లో చదివిందే. మనకు పనికొచ్చే కథ 1892లో, దాదాపు ఏడు వందల రూపాయల పెట్టుబడితో మొదలవుతుంది. కసాయి దుకాణాల దగ్గర కారుచౌకగా దొరికే పశువుల ఎముకలను రే తెప్పించారు. ఎముకలను కాల్చి బూడిద చేసి గంధకామ్లం పోస్తే సూపర్ ఫాస్ఫేట్ తయారవుతుంది. దానికి సోడా చేర్చి, వడగట్టి, ద్రావణాన్ని మరిగించి చల్లారిస్తే సోడియం ఫాస్ఫేట్ స్ఫటికాలు దిగుతాయి. మందుల షాపులకు ఓడల్లో దిగుమతయ్యే సరుకు అది. డాబా మీద ఆరబెట్టిన ఎముకలను కాకులు ఎత్తుకెళ్లి పక్కిళ్లలో పడేస్తే ఇరుగుపొరుగు గొడవ చేశారు. పని చోటు మారింది గానీ పని ఆగలేదు. ఆ తర్వాత నేలవేము, అడ్డసరం, వాము వంటి మనవైన మందులను ఒకే చిక్కదనంతో, ఒకే మోతాదుతో సీసాల్లోకి ఎక్కించి, ఇంగ్లిష్ వైద్యం చదివిన డాక్టర్ల చేతనే రాయించారు. 1901లో అది బెంగాల్ కెమికల్ అండ్ ఫార్మాస్యూటికల్ వర్క్స్ అనే లిమిటెడ్ కంపెనీ అయింది.

చాలామంది ఇక్కడితో ఆపేసి ఆయన్ను పారిశ్రామికవేత్తగా పొగుడుతారు. అంతకంటే లోతైన పని ఆయన ‘హిందూ రసాయన శాస్త్ర చరిత్ర’లో చేశారు. 1902, 1909లలో వచ్చిన ఆ రెండు సంపుటాల్లో పాదరసం, లోహాల గురించిన పాత రసశాస్త్ర గ్రంథాలను వెలికితీసి, ఇంత తెలిసిన దేశంలో శాస్త్రం ఎందుకు ఎండిపోయిందని అడిగారు. కుల వ్యవస్థ గట్టిపడి చేతిపనులు కింది కులాలకు మిగిలిపోయాయనీ, చదువుకున్నవాళ్లు కొలిమికీ, మగ్గానికీ, రంగుల బానకూ దూరమయ్యారనీ, ‘ఎలా’, ‘ఎందుకు’ అని అడిగే బుర్ర ఆ పని దగ్గర లేకుండా పోయిందనీ తేల్చారు. సంస్కృతిని ఆర్థిక శాస్త్రంగా చదవడమంటే ఇదే. నూట ఇరవై ఏళ్ల కింద ఆయన వేసిన ఆ నిందకు వరంగల్ నేటికీ సాక్ష్యం పలుకుతోంది. 1959లో పునాది పడ్డ ఇంజినీరింగ్ కళాశాల నేడు ఎన్‌ఐటీ. 1976 నుంచి కాకతీయ విశ్వవిద్యాలయం ఉంది. రెండింటిలోనూ రసాయన శాస్త్రం చెప్పేవాళ్లున్నారు. అదే నగరంలో కొత్తవాడ ఉంది. ఈ మూడింటి మధ్య దూరం కిలోమీటర్లలో కొలిచేది కాదు.

రంగు సంగతే తీసుకుందాం. ఒక దర్రీకి రంగు వేయాల్సిన పేక నూలు రెండు కిలోలు అనుకుందాం. నూలుతో రసాయన బంధం పెట్టుకునే రియాక్టివ్ రంగుతో ముదురు ఎరుపు రావాలి. నూలు బరువుకు ఇరవై రెట్లు, అంటే 40 లీటర్ల నీళ్లు పెడితే, లీటరుకు 60 గ్రాముల లెక్కన 2.4 కిలోల ఉప్పు, 15 గ్రాముల లెక్కన 600 గ్రాముల సోడా యాష్ పడతాయి. నూలు కంటే ఉప్పే బరువు! ఆ ఉప్పంతా చివరికి మోరీలోకే పోతుంది. నీళ్లు పది రెట్లకు తగ్గిస్తే ఉప్పూ సోడా సగమవుతాయి. కాకపోతే చిలపలను (నూలు కట్టలను) కర్రల మీద ఆపకుండా తిప్పుతూ ఉండాలి, లేదంటే రంగు చారలు కడుతుంది.

వరస తప్పినా నష్టమే. ముందు రంగు, తర్వాత ఉప్పును రెండు మూడు విడతలుగా, అరగంట గడిచి రంగు నూలులోకి సమంగా దిగాక సోడా వేయాలి. తొందరపడి సోడాను ముందే వేస్తే రంగు తగిలిన చోటే అతుక్కుపోయి మచ్చలొస్తాయి. రియాక్టివ్ రంగుల్లో వినైల్ సల్ఫోన్ రకానికి 60 డిగ్రీల వేడి చాలు. సోడా వేశాక ముప్పావు గంట నుంచి గంట దాకా ఆ వేడి నిలవాలి. చేయి పెట్టి చూసే వేడి రోజుకో తీరుగా ఉంటుంది, అందుకే థర్మామీటరు తప్పదు. బోరు నీళ్లు సబ్బు నురగ రానంత కఠినంగా ఉంటే అందులోని కాల్షియం సోడాతో కలిసి తెల్లటి పొడిగా నూలుకు పట్టేస్తుంది. లీటరుకు ఒకటి రెండు గ్రాముల సోడియం హెక్సామెటాఫాస్ఫేట్‌తో ఆ బెడద చాలావరకు తీరుతుంది.

రంగు దిగిపోవడానికి పెద్ద కారణం మాత్రం చివరి కడుగుడే. వేసిన రంగులో మూడో వంతు దాకా నూలుతో బంధం కుదరక నీళ్లతో చర్య జరిపి చచ్చుబడుతుంది. అది నూలు మీదే వదులుగా కూర్చుంటుంది. ఉప్పు ఉన్నంతసేపు అది బయటికి రాదు. అందుకే ముందు చన్నీళ్లలో రెండుసార్లు జాడించి ఉప్పు పోగొట్టాలి, ఆ తర్వాతే మరిగే సబ్బునీళ్లలో పది పదిహేను నిమిషాలు ఉంచాలి. కట్టెల ఖర్చు చూసుకుని ఈ మరిగించడం మానేసిన చోటే దర్రీ పరువు పోతోంది. తడి తెల్లగుడ్డతో పదిసార్లు రుద్ది చూస్తే కడుగుడు చాలిందో లేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది. పీజీ మొదటి ఏడాది విద్యార్థికి ఇందులో తెలియని రసాయన శాస్త్రం ఏమీ లేదు. తెలిసినవాడు ఆ బాన దగ్గర లేడు, అంతే.

లెక్కల పుస్తకం కూడా అంతే ముఖ్యం. దర్రీ ధర కట్టేటప్పుడు నూలు, రంగు, నేత కూలి రాస్తారు. నూలు తరుగు, కట్టెలు, పడుగు సాగదీసే శ్రమ, రంగు చెడి పక్కన పెట్టిన చిలపలు ఎక్కడా కనిపించవు. ఇంట్లో ఆడవాళ్లు కండెలు చుట్టే గంటలకైతే విలువే లేదు. ఇవన్నీ రాస్తే ఇప్పుడు లాభమనుకుంటున్నదాంట్లో కొంత నిజానికి ఆ ఇల్లాలి జీతమని తేలుతుంది. ఎముకల ధర నుంచి సీసా బిరడా ధర దాకా చూసుకున్నవాడే ఓడల్లో వచ్చే సరుకుకు ఎదురు నిలవగలడు.

దీనికి ఎదురువాదన ఉంది. టాగోర్ 1925లో రాట్నం ఆరాధనను విమర్శిస్తూ రాసిందే, రాట్నాన్ని సమర్థించిన రే తనను తప్పుపట్టినందుకు జవాబుగా. అందరి చేతా ఒకే పని చేయిస్తే మనసు మొద్దుబారుతుందన్నది టాగోర్ భయం. ఆ భయంలో నిజముంది. నేటి వాదన ఇంకొంచెం సూటిగా ఉంటుంది: గీసుకొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు ఉండగా ఈ గుంట మగ్గాలెందుకని. పార్కు ఉండాల్సిందే. కానీ 1934లో మొదలైన అజంజాహి మిల్లు ఈ నగరానికి వేల ఉద్యోగాలిచ్చి మూతపడ్డాక ఏం మిగిల్చిందో వరంగల్‌కు ఎవరూ చెప్పనక్కరలేదు. పంజా అనే దువ్వెన లాంటి పనిముట్టుతో పేకను దగ్గరికి కొట్టే నేర్పు మాత్రం మిల్లు కంటే ముందూ ఉంది, తర్వాతా ఉంది. రే కూడా ఖద్దరును మిల్లుకు పోటీగా చూడలేదు. ఏడాదిలో చాలా నెలలు పనిలేని రైతు ఇంటికి రెండో ఆదాయంగా చూశారు. ఆయన కంపెనీలో పనిచేసిన రసాయన శాస్త్రవేత్త సతీశ్ చంద్ర దాస్‌గుప్తానే సోదేపూర్‌లో ఖాదీ ప్రతిష్ఠాన్ నడిపారు.

మన విశ్వవిద్యాలయాలు ఏం కొలుస్తున్నాయన్నదే ఇక పెద్ద ప్రశ్న. ప్లేస్‌మెంట్ ప్యాకేజీలు, పరిశోధన పత్రాల సంఖ్య మీద ర్యాంకులు వస్తాయి. పెంబర్తి ఇత్తడి రేకు, చేర్యాల నకాశీ రంగు, కరీంనగర్ వెండి తీగ, ఆదిలాబాద్ డోక్రా లోహపు పోత ఏ ర్యాంకులోనూ లెక్కకు రావు. ఇవన్నీ భౌగోళిక గుర్తింపు ఉన్నవే, ఒక్కోదాని వెనుకా లోహశాస్త్రమో రసాయనమో ఉంది. ఎన్‌ఐటీ, కాకతీయ రెండూ కలిసి ఎమ్మెస్సీ, ఎంటెక్ ప్రాజెక్టుల్లో కొన్నింటినైనా కొత్తవాడకు కేటాయించాలి. నేతన్నను ‘లబ్ధిదారు’ అని కాకుండా సహ మార్గదర్శకుడిగా నమోదు చేసి గౌరవ వేతనం ఇవ్వాలి, మార్కుల్లో అతని మాటకూ చోటివ్వాలి. మొదటి సెమిస్టర్‌లో రంగు వేసే ప్రతి చోటా బోరు నీళ్ల కఠినత్వం కొలిచి, ఆ అంకెనూ దానికి సరిపడే హెక్సామెటాఫాస్ఫేట్ మోతాదునూ బాన పక్క గోడ మీద తెలుగులో రాయించాలి. రెండో సెమిస్టర్‌లో పది రెట్ల నీళ్లతో అద్దకం చేసి, రుద్దుడు పరీక్ష ఫలితాన్నీ ఖర్చునూ దర్రీ దర్రీకీ నమోదు చేయాలి. ఇందుకు కొత్త పథకం, కొత్త భవనం అక్కర్లేదు. రెండు విభాగాధిపతుల సంతకాలు చాలు.