కిలో ఎయిట్, కిలో సెవెన్

ఇది జరిగి ఇంకా రెండు రోజులు కాలేదు. నేను ఇప్పటికీ మా వీధిలో తల దించుకునే నడుస్తున్నాను. ఆ వేడి తగ్గకముందే రాసేస్తే ఓ పని అయిపోతుంది.

నాకు హామ్ రేడియో పిచ్చి. అంటే ఇంట్లోనే రేడియో సెట్టు పెట్టుకుని దూరదూరాల వాళ్లతో సరదాగా మాట్లాడటం. అనంతపురంలో మేడ మీద అడ్డంగా యాంటెనా వైరు కట్టుకుని, రాత్రిళ్లు 7 మెగాహెర్ట్జ్ దగ్గర ఎవరైనా పలుకుతారేమోనని చెవులప్పగించి కూర్చునే రకం. పలికినవాళ్ల కాల్‌సైన్ (రేడియోలో వాళ్ల గుర్తింపు పేరు), టైము, ఫ్రీక్వెన్సీ అన్నీ లాగ్‌బుక్‌లోకి ఎక్కాలి. మొదట్లో నోటుపుస్తకంలో రాసేవాణ్ణి. తర్వాత గొప్పకు పోయి డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొన్నాను. ఆదివారం పొద్దున కాఫీ గ్లాసుతో వచ్చి తెరిస్తే ఆరేళ్ల లాగ్ ఖాళీ. కింద మూలన ‘మొత్తం: 0’.

బ్యాకప్ లేదా అంటే, ఉంది. లాగ్‌ను బయటికి తీసి దాచుకునే ఫైలు పేరు చివర ‘ఏడీఐ’ అని ఉంటుంది. అవసరమైనప్పుడల్లా ‘ఏడీ, ఏడీ’ అని వెతుక్కోవాల్సిందే కనుక ఆ పేరు దానికి సరిగ్గా కుదిరింది. నాకు దొరికింది మూడేళ్ల కిందటిది.

సపోర్ట్‌కు మెయిల్ పెడితే క్షణంలో జవాబొచ్చింది: మీ టికెట్ మాకు అందింది, మూడు పనిదినాలు ఓపిక పట్టండి. ఫోన్ చేశాను. పావుగంట సంగీతం విన్నాక ఒక పిల్లాడు ఎత్తాడు. నా ఇంగ్లిష్ రెండు ముక్కలు విని, “తెలుగా సార్?” అన్నాడు. ప్రాణం లేచొచ్చింది.

“నా లాగంతా పోయింది నాయనా.”

“అర్థమైంది సార్. ముందు మీ సాఫ్ట్‌వేర్ లైసెన్స్ కీ చెప్పండి.”

“కీ ఉంది, లాగే లేదు.”

“అర్థమైంది సార్. కీ చెప్పండి.”

రక్తం కారుతుంటే ఆధార్ జిరాక్స్ అడిగినట్టుంది. పైగా మాట తెగిపోతోంది. జపాన్ వాళ్లతో మాట్లాడే గదిలో సెల్‌ఫోన్‌కు ఒక్క గీత కూడా రాదు. కీ రాసుకున్న కాగితం పట్టుకుని మేడెక్కాను.

ఇక్కడ మా వాళ్ల అలవాటొకటి చెప్పాలి. గరగరల్లో బీ, డీ, పీ, టీ అన్నీ ఒకేలా వినపడతాయి. అందుకని అక్షరానికో మాట పెట్టారు. బీ అంటే బ్రావో, డీ అంటే డెల్టా, పీ అంటే పాపా, కే అంటే కిలో. వినపడదేమోనని ప్రతిదీ రెండుసార్లు, గొంతు చించుకుని చెబుతాం. మైకు చేతిలో లేకపోయినా ఆ గొంతు తగ్గదు.

నా కీ మొదలయ్యేది కే, 8 తో.

“కిలో ఎయిట్! కిలో ఎయిట్!”

“కే ఫర్ కడపా సార్?”

“కడప కాదు, కిలో! కిలో ఎయిట్!”

నా పొరపాటు ఎక్కడంటే, అది ఆదివారం పొద్దున తొమ్మిది. కూరగాయల ఆటో వచ్చే వేళ. ఎదురింటి అక్క గేటు దగ్గరికొచ్చి అటూ ఇటూ చూసింది. ఆటో లేదు, అరుపు మాత్రం ఉంది. తల పైకెత్తింది.

“ఏమన్నా, టమోటానా? ఎనిమిదేనా?”

అనంతపురంలో ఈ ప్రశ్న వింతేమీ కాదు. టమోటా ధర పడిపోయిందంటే రైతు రోడ్డు మీద పారబోసి పోవడం మేమంతా చూసిందే. ఎనిమిదంటే ఎవరైనా నమ్ముతారు. నేను ఆమెకు జవాబు చెప్పే స్థితిలో లేను. కీలో రెండో ముక్క మొదలైంది.

“మైక్, పాపా! కిలో సెవెన్! కిలో సెవెన్!”

“ఏడంట!” అని అక్క లోపలికి కేకేసింది. పక్కింటి తలుపు తెరుచుకుంది. ఆ వెనకింట్లోంచి ఒక పెద్దాయన లుంగీ ఎగ్గట్టుకుని, “యాడ దింపినావప్పా సరుకు?” అంటూ వచ్చాడు. ఆగండి అన్నట్టు అరచెయ్యి చూపించాను. అరచేతికి ఐదు వేళ్లుంటాయి.

“ఐదుకే ఇస్తాండాడు!”

ఫోన్‌లో పిల్లాడు, “సార్, సంతలో ఉన్నారా? తర్వాత చెయ్యమంటారా?” అన్నాడు. మళ్లీ పావుగంట ఆ సంగీతమా? “వద్దు, రాసుకో!” అని మిగతా కీ అంతా ఒక్క ఊపిరిలో అరిచేశాను. కింద సంచులు విప్పుతున్నారు.

“సమస్య ఎప్పట్నుంచి సార్?”

“రాత్రి 17:30 దాకా బాగానే ఉంది.”

“అంటే సాయంత్రం ఐదున్నరా?”

లాగ్‌లో మేం రాసేది యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఒకటే టైము అనీ, అది మన టైముకు ఐదున్నర గంటలు వెనక అనీ, కాబట్టి రాత్రి పదకొండు అనీ ఆ పిల్లాడికి క్లాసు పీకాను. ఆ క్లాసు ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతోంది, నా మీదే.

స్క్రీన్ షేరింగ్ యాప్ దించుకోవడం, కింద సిగ్నల్ కోసం ఫోన్‌ను కిటికీ ఊచలకు కట్టడం, ఆ గోలంతా వదిలేస్తున్నాను. పిల్లాడు నా స్క్రీన్ చూశాడు. రెండు సెకన్లు.

“సార్, పైన గరాటు బొమ్మ పక్కన ఏ5 అని ఎవరు కొట్టారు?”

ఏ5 అంటే భూటాన్ వాళ్ల కాల్‌సైన్‌లో మొదటి ముక్క. రాత్రి పదకొండుకు, భూటాన్‌తో ఎప్పుడైనా మాట్లాడానా అన్న అనుమానమొచ్చి వెతికింది నేనే. ఎప్పుడూ మాట్లాడలేదు. అందుకే సున్నా. అది అలాగే వదిలేసి పడుకున్నాను. సాఫ్ట్‌వేర్ మాత్రం ఆ ఫిల్టర్‌ను పొద్దుటిదాకా భద్రంగా దాచిపెట్టింది. వాడు గరాటు మీద ఒక్క నొక్కు నొక్కాడు. ఆరేళ్ల లాగ్ జలజలా వచ్చి పడింది.

“అంతేనా సార్?” అన్నాడు. నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

‘ఫిల్టర్ ఉంది’ అని ఒక్క ముక్క రాస్తే ఆ కంపెనీ సొమ్మేం పోయింది? ‘మొత్తం: 0’ అనేది గుమ్మడికాయంత, గరాటు ఆవగింజంత! ఈ మాట పిల్లాడితో అందామనుకునే లోపే మెసేజ్ వచ్చింది: టికెట్ మూసివేయబడింది, కారణం యూజర్ ఎర్రర్, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?

స్టార్లు లెక్కపెడుతుండగా బెల్ మోగింది. ఎదురింటి అక్క కొడుకు, చేతిలో వైరు బుట్ట, పది రూపాయల నోటు.

“మామా, రెండు కిలోలంట. మెత్తటివి వద్దంట.”

లాగ్‌బుక్, కాల్‌సైన్, ఫోనెటిక్స్ అని మొదలుపెట్టి ఆ పిల్లవాడికి ఏం చెప్పను? ఫ్రిజ్ తెరిచి, ఉన్నవన్నీ బుట్టలో వేశాను. కిలో కూడా ఉండవు. నోటు తీసుకున్నాను.

మా ఆవిడ గుడి నుంచి వచ్చి ఫ్రిజ్ తెరిచింది. “పప్పులోకి టమోటాలు పెట్టుంటిని, ఏవి?”

“ఫ్రిజ్ మీద పది రూపాయలున్నాయి చూడు” అన్నాను.