99.999 శాతం లేబుల్ గారికి

మహారాజశ్రీ లేబుల్ గారికి,

ఐరన్ ఆక్సైడ్ సీసా మీద అయిదు తొమ్మిదులు వరసపెట్టి మీరు వెలిగిపోతున్నారు. ధర కూడా తొమ్మిది తొమ్మిదికీ పెరుగుతోంది, దానికేం లోటు లేదు. కానీ మీ కింద చీమ తలకాయంత అక్షరాల్లో ‘ట్రేస్ మెటల్స్ బేసిస్’ అని ఒక ముక్క ఉంటుంది. అంటే తమరు లెక్కపెట్టింది పరాయి లోహాలనే. అవి పది లక్షల్లో పది పాళ్లు మించవు, ఒప్పుకున్నాం. మరి ఆక్సిజన్ లెక్క ఎవరిదండీ?

మీ పొడితో పెంచే మాగ్నెటైట్ అనే అయస్కాంత ఆక్సైడ్ స్ఫటికాన్నే తీసుకోండి. మూడు ఇనుముకు నాలుగు ఆక్సిజన్. చల్లబరిస్తే 120–125 కెల్విన్ (సున్నా కింద దాదాపు 150 డిగ్రీల సెల్సియస్) దగ్గర దాని విద్యుత్ నిరోధం ఒక్క ఉదుటున వంద రెట్లు ఎగబాకాలి. 1939లో డచ్ శాస్త్రవేత్త వెర్వే చూపించిన మార్పు అదే. ఆక్సిజన్ లెక్క తప్పి ఇనుము వెయ్యికి నాలుగు పరమాణువులు తగ్గిందా, ఆ ఉదుటు పోతుంది, మార్పు వంద కెల్విన్‌కీ ఇంకా కిందికీ జారుతుంది. పన్నెండు తగ్గితే అసలే ఉండదు. మీ పది పాళ్లెక్కడ, పది లక్షల్లో ఈ నాలుగు వేల పాళ్లెక్కడ! అందుకే మీ అంకె కన్నా ఆ ఉష్ణోగ్రతనే నమ్ముతాం.

స్ఫటికం పెరిగాక కార్బన్ మోనాక్సైడ్, డయాక్సైడ్ కలిపిన వాయువులో వెయ్యి డిగ్రీల సెల్సియస్ పైన రోజుల తరబడి అనీల్ చేయాలి, అంటే ఆ వేడిలోనే ఉంచాలి. ఆక్సిజన్ ఎంత ఉండాలో ఆ రెంటి పాళ్లే తేలుస్తాయి. అదే మిశ్రమంలో తీరిగ్గా చల్లార్చారా, వేడి దిగేకొద్దీ లెక్క మారి పైపొర ఒకలా, లోపల ఒకలా తయారవుతుంది. అందుకే గభాల్న చల్లార్చడం. మోనాక్సైడ్ విషం, డిటెక్టర్ లేనిదే వాల్వు తిప్పకూడదు. ఇదీ మీ మీద రాసి లేదు.

వెర్వే మార్పు దగ్గర స్ఫటికం అమరిక క్యూబు ఆకారం వదిలి ఒక పక్కకు ఒరుగుతుంది. కొలిమి దగ్గరలా కాదు, ఇక్కడ తొందరపడి చల్లబరిస్తే సన్న పగుళ్లు, నిరోధం కొలవడానికి వెండి పేస్టుతో అతికించిన తీగలు ఊడిపోవడం. పగులు వల్ల పెరిగిన నిరోధం వేడెక్కించినా దిగదు, అసలు మార్పు వల్లదైతే దిగుతుంది. ఈ చిన్న పరీక్ష చేయకుండా గ్రాఫులు అచ్చేసేవాళ్లున్నారు. అయస్కాంతత్వమూ అంతే: ఒక టెస్లా అంత బలమైన అయస్కాంత క్షేత్రంలో కొలిస్తే మంచి స్ఫటికానికీ చెడ్డదానికీ తేడా పెద్దగా తెలియదు, బలహీన క్షేత్రంలో అయితే మార్పు దగ్గర అయస్కాంతత్వంలో మెట్టు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఒక తొమ్మిది తగ్గించుకున్నా అభ్యంతరం లేదు. ఆ ఖాళీలో ‘ఆక్సిజన్ మీరే చూసుకోండి’ అని వేయించగలరు.

ఇట్లు,
కొలిమి దగ్గర కాపలా ఉండేవాళ్లు

తా.క.: పొడి పీల్చుకున్న తేమ కూడా తమ లెక్కలో లేదు. తూచే ముందు మేమే ఎండబెడుతున్నాం.