నీళ్లలో మిగిలిన ఎరుపు

కబురు వచ్చేసరికి చిత్రకారుడు లేడు. 1858 జులైలో, రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో అలెగ్జాండర్ ఇవనోవ్ కలరాతో కన్నుమూసిన కొన్ని గంటలకు, ఆయన బొమ్మను చక్రవర్తి 15,000 రూబుళ్లకు కొంటున్నాడన్న వర్తమానం అందింది. సుమారు 28 ఏళ్లు ఇటలీలో గడిపి, పుట్టిన ఊరికి తిరిగొచ్చి అప్పటికి నిండా రెండు నెలలు కాలేదు.

ఒక్క బొమ్మకు ఇరవై ఏళ్లు తగలేసిన చాదస్తుడని ఆయన్ను ఆనాడే అన్నారు, ఇప్పటికీ అనేవారున్నారు. ఆ మాటతో మేము ఏకీభవించం.

ఇవనోవ్ 1806లో పుట్టాడు. తండ్రి ఆంద్రేయ్ కళా అకాడమీలో ఆచార్యుడు. కళాకారుల ప్రోత్సాహక సంఘం భత్యమిచ్చి కొడుకును 1830లో ఇటలీ పంపింది. ఇంచుమించు అదే కాలంలో జార్ (రష్యా చక్రవర్తి) మొదటి నికొలాయ్‌కి తండ్రి వేసిన బొమ్మ నచ్చక ఆయన కొలువు ఊడింది. అలాంటి అకాడమీ నీడకు త్వరగా తిరిగి రావాలని ఎవరికి మాత్రం ఉంటుంది?

1837లో మొదలుపెట్టిన పెద్ద బొమ్మ ‘క్రీస్తు ప్రజలకు ప్రత్యక్షం కావడం’. ఎత్తు 5.4 మీటర్లు, వెడల్పు 7.5 మీటర్లు. ఇంత బట్ట మీద క్రీస్తు ఎక్కడో దూరాన చిన్నగా నడిచి వస్తుంటాడు. ముందంతా జోర్డాన్ ఒడ్డున గుమికూడిన జనమే. వాళ్లలో మెడకు తాడున్న బానిస ఒకడు. బాధతో బిగుసుకుపోయిన ఆ ముఖంలో నవ్వు అప్పుడే పుడుతోంది. పూర్తిగా నవ్వడం ఇంకా చేతకావడం లేదు. ఈ ఒక్క ముఖం కోసం ఇవనోవ్ ఎన్ని ముఖాలు గీశాడో! రాళ్లు, చెట్ల కొమ్మలు, నీటి అడుగున గులకరాళ్లు, ఎండలో నిలబడ్డ పిల్లలు, ఇలా ఆరుబయట కూర్చుని వేసినవి వందలు. ఎండ పడిన ఒంటి మీద నీలం, ఆకుపచ్చ ఛాయలను ఆయన పట్టుకున్నప్పటికి, ఆరుబయటి వెలుగునూ రంగులనూ గీసి పేరు తెచ్చుకున్న ఫ్రెంచ్ చిత్రకారులు ఇంప్రెషనిస్టుల మాటే లేదు. నిజం చెప్పాలంటే, మాకు పెద్ద బొమ్మ కంటే ఈ అభ్యాస చిత్రాలే ఎక్కువ ఇష్టం.

భత్యం కోసం ఆయన పదేపదే చెయ్యి చాపాల్సి వచ్చింది. రోమ్‌లో స్నేహితుడైన రచయిత గోగోల్, ఇతనికి తిండి గడిచే దారి చూపండంటూ అచ్చులోనే మొరపెట్టుకున్నాడు. ఇచ్చేవాళ్లకు కావలసింది పూర్తయిన బొమ్మ, అదీ గడువులోగా. వాళ్లు లెక్క అడగడం తప్పని మేమనం. కానీ గులకరాయి మీద గడిచిన వారం ఏ లెక్కలో చూపిస్తాడు?

ఆలస్యంలో ఆయన పాలూ ఉంది. చివరి ఏళ్లలో క్రీస్తు కథ మీద పాత విశ్వాసం సడలింది, చెయ్యి ఆగింది. పని ముగియకుండానే బొమ్మను స్వదేశానికి తెచ్చాడు. మాస్కోలోని ట్రెట్యకోవ్ గ్యాలరీలో ఇప్పుడు దాని ముందు నిలబడితే, నీళ్ల దగ్గరున్న ముసలాయన నడుముకు కట్టుకున్న బట్ట తెల్లగా ఉంటుంది. నీళ్లలో దాని నీడ మాత్రం ఇంకా ఎర్రగానే ఉంది.