కొత్త ఫ్లాటులో లోపాలు కనబడకుండా ఉండాలంటే

కొత్త ఫ్లాటు కొనేవాళ్లకు జాగ్రత్తలు చెప్పేవాళ్లు ఈ మధ్య ఎక్కువైపోయారు. గోడలు తట్టమంటారు, కాగితాలు అడగమంటారు. అంత టెన్షన్ ఎందుకు? హైదరాబాదు కొనుగోలుదారులు ఇంతకంటే నమ్మకమైన పద్ధతి ఎప్పుడో కనిపెట్టారు: చూడకపోతే లోపం లేదు.

అన్నిటికన్నా భద్రమైనది ప్రీలాంచ్. రెరా అనే స్థిరాస్తి నియంత్రణ సంస్థ దగ్గర ప్రాజెక్టు రిజిస్టరై నంబరు రాకముందే డబ్బు కట్టేయాలి. అగ్రిమెంటు రాయకుండా పది శాతం మించి తీసుకోకూడదని చట్టం అంటోంది కానీ, మనవాళ్లు డిస్కౌంటు కోసం నూటికి నూరూ కట్టి వస్తారు. లేని ఇంట్లో నిర్మాణ లోపాలుండవు కదా.

కట్టిన ఇల్లే కావాలనే పట్టుదల ఉంటే వాస్తు చూసుకోండి. ఆగ్నేయంలో వంటగది ఉందా, ఈశాన్యంలో టాయిలెట్ లేదు కదా అని దిక్సూచి పట్టుకుని గదిగదీ తిరగండి. ఆ టాయిలెట్ నేల వాలు జాలీ వైపుందా, తలుపు వైపుందా అని మాత్రం చూడకండి. బకెట్ నీళ్లు పోస్తే తెలిసిపోతుంది, అదే ప్రమాదం. కొందరు చాదస్తులు జాలీకి గుడ్డ కుక్కి, నేలంతా నీళ్లు నిలబెట్టి, మర్నాడు కింది ఫ్లాటు సీలింగు చూసి వస్తారు. రూపాయి బిళ్లతో టైల్స్ కొట్టి ఎక్కడ డొల్ల మోగుతోందో వినేవాళ్లూ ఉన్నారు. అవి ఇటాలియన్ డిజైనని మార్కెటింగ్ అబ్బాయి అంత వినయంగా చెప్పాక ఇంకా కొట్టి చూడటం ఏం మర్యాద?

కాంక్రీటు పోశాక కనీసం వారం, ఎండలు మండుతుంటే పది రోజులు తడి ఆరకుండా ఉంచాలని కాంక్రీటు పనులకున్న భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. ఏప్రిల్‌లో ట్యాంకరు బుక్ చేస్తే మనుషులకే రాని నగరంలో స్లాబు కూడా కాస్త సర్దుకుపోవాలి. గోడ మీద గీత కనిపిస్తే సైటు ఇంజనీరే చెబుతాడు: "హెయిర్ క్రాక్స్ సార్, అందరికీ వస్తాయి." అందరికీ వచ్చేది మనకూ వస్తే బెంగెందుకు?

ఇక ఓసీ, అంటే భవనంలో కాపురం ఉండొచ్చని స్థానిక సంస్థ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. అది రాలేదు, ముహూర్తం వచ్చేసింది. రేపు ఆషాఢం. ఓసీ మళ్లీ ఎప్పుడైనా రావచ్చు, మంచి లగ్నం రాదు. హోమం పొగలో కళ్లు మండుతుండగా హ్యాండోవర్ లెటరు తెస్తారు. "అన్నీ సంతృప్తికరంగా ఉన్నాయి" అన్న చోట సంతకం పెట్టండి. పాలు పొంగాయి, ఇంకేం కావాలి?

2016 నాటి రెరా చట్టం సెక్షన్ 14(3) సంగతి ఎవరైనా ఎత్తితే మాట మార్చండి. ఇల్లు అప్పగించిన 5 ఏళ్లలోపు నిర్మాణంలో గానీ, పనితనంలో గానీ లోపం చూపిస్తే బిల్డరు 30 రోజుల్లో పైసా అడక్కుండా బాగుచేయాలట. ఇంత పెద్ద హక్కును వాడేస్తే ఏం మిగులుతుంది? చెమ్మ కనబడగానే సూపర్‌వైజరుకు ఫోన్ చేయండి, రాతలో ఏమీ పెట్టకండి. అతను మనిషిని పంపి పుట్టీ పట్టించి రంగేయిస్తాడు. వచ్చే వానాకాలం మళ్లీ ఫోను, మళ్లీ పుట్టీ. ఇలా 5 ఏళ్లు నడిపించారంటే ఆ చెమ్మ చట్టబద్ధంగా మీ సొంతమవుతుంది.

పొరపాటున ఆ ఫోటో అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టేరు! నాలుగో అంతస్తు పెద్దాయన వెంటనే మందలిస్తారు: "ఇలాంటివి ఇక్కడ పెట్టొద్దమ్మా, బయటికి పొక్కితే రేటు పడిపోతుంది." పక్కింటివాళ్లు దణ్ణం బొమ్మ పెడతారు. వాళ్ల బెడ్‌రూములోనూ అదే గోడ.

చెమ్మ మరీ వాసనొస్తే ఫ్లాటు అద్దెకిచ్చేయండి. అద్దెకొచ్చేవాళ్లతోనే చిక్కు. చెప్పులు విప్పీ విప్పకముందే కుళాయిలన్నీ తిప్పుతారు, ఫ్లష్ నొక్కుతారు, అలమారా వెనక గోడకు చెయ్యి ఆనిస్తారు. పాతిక వేల అద్దెకే ఇంత అనుమానం. మీరు కోటి పెట్టి కొన్నప్పుడు ఒక్క కుళాయైనా తిప్పారా?