క్యారేజీ ఎవరికి పంపావక్కా?

క్రిస్మస్ లెక్కలు చదివిన ఆదివారం, చర్చి సంఘ పెద్ద ఒకాయన అందరి ముందూ లేచి యూత్ డబ్బు తమ్ముడు తినేశాడన్నారు. నెల తిరక్కుండానే ఆయన బాత్రూంలో జారిపడి తుంటి విరిగి మంచాన పడ్డారు. ఆయన భార్యకు మోకాళ్ల నొప్పులు, పొయ్యి దగ్గర నిలబడలేరు. నాలుగు రోజులుగా మధ్యాహ్నం అక్కే వాళ్లకి క్యారేజీ పంపుతోంది. తమ్ముడికి ఈ సంగతి ఇవాళే తెలిసింది.

తమ్ముడు: మన క్యారేజీ వాళ్ల అరుగు మీద చూశానక్కా. నాన్న పేరు కొట్టించిన మూత, గుర్తుపట్టలేనా? నన్ను దొంగ అన్న మనిషికి మనింటి అన్నమా?

అక్క: అన్నం, పప్పుచారు, బీరకాయ కూర. ఆయనకి షుగర్ కదా, అన్నం తక్కువే పెడుతున్నాను.

తమ్ముడు: నేనడిగింది కూర సంగతి కాదు. నలుగురూ ఏమనుకుంటారు? తప్పు చేశారు కాబట్టే కాళ్లబేరానికి వచ్చారనుకోరా?

అక్క: అనుకోనీ. నీ శత్రువు ఆకలితో ఉంటే భోజనం పెట్టమని బైబిల్లో రోమా పత్రిక 12లో ఉంది.

తమ్ముడు: వాడి నెత్తిన నిప్పులు కుప్పగా పోస్తావనీ అక్కడే ఉంది. నువ్వు పోసేది నిప్పులే అయితే నాకేం అభ్యంతరం లేదు.

అక్క: దాని ముందు వచనం చదివావా? పగ తీర్చడం నా పని అంటాడు దేవుడు. తర్వాతి వచనంలో మేలుతో కీడును జయించమంటాడు. ఆ రెండింటి మధ్య మాటని పగలా ఎలా చదువుతావు? ఆ నిప్పులంటే మనిషికి లోపల కలిగే సిగ్గేనని నేననుకుంటాను.

తమ్ముడు: సరే, దావీదు రాజు సంగతి చెప్పు. షిమీ అనేవాడు ఆయన మీద రాళ్లు రువ్వి, దుమ్మెత్తిపోసి తిట్టాడు. వాడి తల తీసేస్తానని తన మనిషి అబీషై లేస్తే దావీదు ఆపాడు. దీని మీద పాస్టరు అయ్యగారు గంట ప్రసంగం చేశారు. చివరికి ఏమైందో మాత్రం చెప్పలేదు. మొదటి రాజులు 2లో ఉంది చూడు. చావబోతూ కొడుకు సొలొమోనుని పిలిచి, వాడి నెరిసిన తల రక్తంతో సమాధికి దిగేలా చెయ్యమన్నాడు. అన్నేళ్లూ కడుపులో దాచుకున్నాడు. పైకి దయ, లోపల పగ. అంతకన్నా నాలా మొహం మీద అనెయ్యడం నయం కాదా?

అక్క: ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. దావీదు అక్కడ ఓడిపోయాడనే నాకనిపిస్తుంది.

తమ్ముడు: యేసు ప్రభువు కూడా పరిసయ్యులనే మతపెద్దల్ని సున్నం కొట్టిన సమాధులన్నాడు, క్యారేజీ పంపలేదు. అసలు అమ్మనే చూడు. నాయనమ్మ ఇరవై ఏళ్లు సాధించింది. కట్నం తేలేదంది, వంట రాదంది. అమ్మ నోరెత్తలేదు. మందిరంలో అందరూ ఎంత ఓర్పో అని మెచ్చుకునేవాళ్లు. రాత్రిళ్లు దొడ్లో కూర్చుని ఏడవడం నువ్వూ చూశావు. దయంటే అదేనా?

అక్క: అమ్మని మధ్యలోకి తేకు. ఆస్పత్రిలో అమ్మ దగ్గర నువ్వెన్ని రాత్రులు పడుకున్నావు?

తమ్ముడు: సెలవు దొరకలేదని నీకు తెలీదా? ఇప్పుడా అది ఎత్తేది?

అక్క: తప్పే రా. అనకుండా ఉండాల్సింది.

అమ్మది భయం. దానికి ఓర్పని పేరు పెట్టి మెచ్చుకున్నవాళ్లది తప్పు. నోరు మూసుకోమని ప్రభువు ఎప్పుడన్నాడు? ప్రధాన యాజకుడి ముందు బంట్రౌతు చెంప మీద కొడితే, నా మాట తప్పయితే ఆ తప్పేంటో చెప్పు, మంచిదైతే ఎందుకు కొట్టావని నిలదీశాడు. తిరిగి కొట్టలేదు, అడక్కుండానూ ఊరుకోలేదు. నువ్వూ వెళ్లి అడుగు, ఎవరొద్దన్నారు? కానీ వెళ్లేముందు ఆ లెక్కల పుస్తకం తీసి చూసుకో. టెంట్ హౌస్‌కి ఇచ్చిన 1,800కి బిల్లు లేదు. పండగ హడావుడిలో కుర్రాడి చేతిలో పెట్టేశావు. నువ్వు తినలేదని నాకు తెలుసు, ఆయనకెలా తెలుస్తుంది? అందరిలో దొంగ అనడం పాపమే. బిల్లు అడగడం మాత్రం ఆయన బాధ్యత. నెల రోజులుగా నీకు ఆయన మొహమే గుర్తొస్తోంది, బిల్లు గుర్తు రాలేదు.

నాకూ అంతే. మొదటి రోజు క్యారేజీ కడుతుంటే కోపంతో చేతులు వణికి గిన్నెలు ఒకదాని మీద ఒకటి కూర్చోలేదు. ఉప్పు రెండుసార్లు వేశానేమోనని మళ్లీ విప్పి పప్పుచారు నాలిక మీద వేసుకుని చూశాను. మూడో రోజు బీరకాయ చెక్కు తీస్తుంటే ఆ 1,800 తట్టింది. ఆయనకి వండడం మొదలుపెట్టాకే ఆయనేమన్నారో నాకు వినబడింది రా.

తమ్ముడు: అంటే తప్పు నాదేనంటావు.

అక్క: 1,800 వరకు నీది. దొంగ అన్న మాట ఆయనది.

తమ్ముడు: నీ అన్నం తిని కూడా ఆయన ఆ మాట వెనక్కి తీసుకోకపోతే?

అక్క: తీసుకోకపోవచ్చు. ఎలీషా ప్రవక్త చేతికి చిక్కిన సిరియా దండుకి విందు చేసి పంపించారు. ఆ దోపిడీ దండులు రావడం మానేశాయి. కానీ ఆ పక్క వచనంలోనే సిరియా రాజు సైన్యంతో వచ్చి ఇశ్రాయేలు రాజధాని షోమ్రోనుని ముట్టడించాడు. తిన్నవాళ్లందరూ మారిపోతారని ఎక్కడా రాసి లేదు.

తమ్ముడు: మరెందుకు పెట్టడం?

అక్క: తుంటి విరిగింది రా ఆయనకి. ఇంట్లో వండేవాళ్లు లేరు.

తమ్ముడు: రేపు క్యారేజీ నేనే తీసుకెళ్తాను. టెంట్ హౌస్‌కి వెళ్లి బిల్లు రాయించుకుని, లెక్కల పుస్తకంతో సహా. కానీ అడుగుతానక్కా. చూడకుండా దొంగ అని ఎలా అన్నారని మొహం మీదే అడుగుతాను.

అక్క: అడుగు. ఆయన తిన్నాక అడుగు. షుగర్ మనిషి, ఆలస్యమైతే కళ్లు తిరుగుతాయి.