ఎర్ర పెన్ను గారికి ఒక విన్నపం

శ్రీయుత ఎర్ర పెన్ను గారికి,

హన్మకొండ నుంచి ఆరో తరగతి పిల్ల తండ్రి నమస్కరించి రాయునది. శనివారం పేరెంట్స్ మీటింగని రెండింటికి రమ్మన్నారు. హాఫ్ డే లీవు పెట్టి వచ్చి, నాలుగున్నర దాకా ఒకటో తరగతి బెంచీ మీద మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాక తమరి దర్శనం అయింది. అక్కడ ఫ్యాను తిరగదు. ఫీజు కౌంటర్‌కు మాత్రం ఏసీ. సరే, పోనివ్వండి.

రామప్ప గుడి శిఖరానికి తేలిక ఇటుకలు ఎందుకు వాడారు? రెండు మార్కుల ప్రశ్న. మా బిడ్డ రాసింది: "కింద గోడల మీద బరువు పడొద్దని. ఆ ఇటుక నీళ్లలో వేస్తే తేలుతుంది, అంత తేలిక." తమరు దాని మీద అడ్డంగా గీత గీసి అర మార్కు దయచేశారు. తప్పేముందని అడిగితే టీచరమ్మ, "కరెక్టే సార్, కానీ నోట్స్‌లో ఉన్నట్టు లేదు" అన్నారు. నోట్స్ తిప్పి చూశాను. "శిఖర భారమును తగ్గించుటకై." అంతే!

తమరు నాకు కొత్త కాదు. మా సర్కారు బడి సోషల్ సార్ జేబులో ఉండేవారు. సార్ చేతిలో చింత బరిగె కూడా ఉండేది. దాని గురించి తియ్యగా చెప్పలేను, అరచేతులకు ఇంకా గుర్తే. 2009 విద్యాహక్కు చట్టం బరిగెను బడి దాటించింది, మంచిదైంది. తమరి జోలికి ఏ చట్టమూ రాలేదు.

ఆ సారే ఒకసారి మమ్మల్ని ఎర్ర బస్సులో పాలంపేట తీసుకుపోయి, 1213 నాటి ఆ రామప్ప గుడి ముందే నిలబెట్టి, "పునాది కింద ఇసుక పోసిన్రు. మరి ఎందుకు కూలలేదో రాసుకరాండ్రి" అన్నారు. ఇసుక కింద పెద్ద బండ ఉందని రాశాను. ఎవరూ చెప్పలేదు, ఊహించి రాసిందే. సార్ కొట్టెయ్యలేదు. మార్జిన్‌లో తమరితోనే రాశారు: "నీకెట్ల తెలిసింది?" రెండు రోజులు నిద్ర పట్టలేదు. చదువంటే ఏంటో నాకు తెలిసిందంతా ఆ రెండు మాటల్లోంచి వచ్చిందే.

ఇగ తమరూ గిమరూ చాలు. అర మార్కు వెయ్యడానికి నీకు మనసెట్ల వచ్చిందే? పిల్ల ఏమన్నదో తెలుసా? "ఇంకోసారి నా మాటలు రాయను డాడీ, నోట్సే బట్టీ పడతా."

వచ్చే దారిలో పది రూపాయలు పెట్టి నిన్నొకటి కొన్నాను. ఇంట్లో కూర్చుని, ఆ గీత పక్కనే మార్జిన్‌లో "నీకెట్ల తెలిసింది?" అని రాసి బిడ్డకిచ్చాను.

చూసి ఏడ్చింది. "పేపర్ ఖరాబు చేసినవ్ డాడీ! సోమవారం టీచర్‌కు తిరిగి ఇయ్యాలె!"

ఇట్లు,
సంతకం పెట్టాల్సిన చోట పెట్టని తండ్రి