పాత ఎక్సెల్ వదలాలా, వద్దా?

బేగంబజార్‌లో ఒక హోల్‌సేల్ షాపు లెక్కలు చూస్తాను. నా కంప్యూటర్‌లో ఉన్నది ఎక్సెల్ 2016. ఆడిటర్ గారి ఆఫీసు నుంచి వచ్చే ఫైల్ తెరిస్తే అంతా బాగానే కనిపిస్తుంది. అందులో ఒక్క అంకె మార్చానా, మొత్తం ఉండాల్సిన గడిలో నేమ్ ఎర్రర్, అంటే ఆ ఫార్ములా పేరే తెలియదని! వాళ్లు వాడేది ఎక్స్‌లుకప్, పట్టికలోంచి కావాల్సిన అంకె వెతికి తెచ్చే ఫార్ములా. అది 2016లో లేదు, 2019లో కూడా లేదు, 2021 నుంచే ఉంది. జీఎస్‌టీ రిటర్న్‌కు 20వ తేదీ గడువు నెత్తి మీద ఉంటే, నేను ఒక్కో కాలమ్‌లో అదే పని చేసే పాత ఫార్ములా వీలుకప్ పెట్టి తిరగరాసుకుంటూ రాత్రి తొమ్మిది దాకా కూర్చుంటాను.

కొత్తది కొంటే పోలా అంటారు. మా స్టాక్ ఫైల్ సంగతో? అందులో మాక్రోలు, అంటే పనులు వాటంతటవే జరిగేలా చేసే చిన్న ప్రోగ్రాములు, రాసినతను మానేసి ఏళ్లయింది. కొత్త వెర్షన్లు మామూలుగా 64 బిట్‌లో ఇన్‌స్టాల్ అవుతాయి. పాత 32 బిట్ కోసం మాక్రోల్లో రాసిన కొన్ని డిక్లేర్ లైన్లు (బయటి ఫంక్షన్లను పిలిచేవి) దిద్దకపోతే అందులో నడవవు. దిద్దేదెవరు? సీజన్‌లో బిల్లింగ్ ఆగితే ఎవరు పడతారు మాటలు?

"నడుస్తోంది కదమ్మా, ఇప్పుడెందుకు ఖర్చు" అంటారు సేఠ్ గారు. 2016కి సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. పార్టీల బాకీలన్నీ ఇందులోనే ఉన్నాయి. రోజూ పొద్దున సిస్టమ్ ఆన్ చేస్తుంటే నాకు టెన్షనే.